మరచెంబు నీళ్ళు

మా అటక మీద ఒక ఇత్తడి మరచెంబు వుంది. మొన్న ఇంటికి సున్నాలు వేయిద్దామని పాత సామానంతా కిందికి దించినప్పుడు అదీ దిగింది. మా కోడలు దాన్ని చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి, మూత తియ్యలేక, "మావయ్యగారూ, ఇది రావటం లేదు, మీరోసారి చూడండి" అని నా చేతికిచ్చింది. మర కొంచెం అరిగింది. మూత నొక్కిపట్టి తిప్పితే వస్తుంది. ఆ కిటుకు మా అమ్మ నాకు చెప్పింది, నేను మా కోడలికి చెప్పాను.

పక్కనే వున్న మనవడు లోపలికి తొంగి చూసి, "ఇందులో నీళ్ళు చల్లగా వుంటాయా తాతయ్యా?" అన్నాడు.

"వుండవురా."

"మరెందుకు?"

ఆ 'మరెందుకు'కి జవాబు మొదలుపెట్టాను. వాడు సగంలోనే లేచిపోయాడు. మీకు చివరిదాకా వినే ఓపిక వుంటుందన్న ధైర్యంతో ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కొంత మా ఇంటి చరిత్ర, కొంత ఊళ్ళ చరిత్ర. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో నాకే సరిగా తెలియదు.

మాది బాపట్ల. నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. అమ్మ పుట్టిల్లు రేపల్లె దగ్గర ఒక పల్లె. పెనుమూడి రేవుకి ఇవతలే. ఈ రెంటికీ నడుమ తెనాలి, అక్కడ మా పిన్ని. నేను చెప్పేది 1956 మొదలు ఓ ఎనిమిదేళ్ళ వేసవుల మాట. వేసవి వస్తే మద్రాసు గవర్నరు దొరలు కచేరీలతో సహా ఊటీ కొండెక్కేవారట. మాకు ఊటీ తెలియదు. మేము రేపల్లె బండెక్కేవాళ్ళం.

బయల్దేరే రోజు అమ్మ చీకటితోనే లేచి పెరటి నూతిలో నీళ్ళు తోడి, ముందుగా ఈ మరచెంబు నింపేది. బాపట్ల ఇసకనేల. సముద్రం అయిదారు మైళ్ళలో వున్నా మా నూతి నీళ్ళు కొబ్బరినీళ్ళలా వుండేవి. నింపి, మూత బిగించి, పైన తడిగుడ్డ చుట్టి, తన సంచీలో అడుగున పెట్టుకునేది. తమాషా ఏమిటంటే దారి పొడుగునా ఆ చెంబులో నీళ్ళు మాకు ఒక్క గుక్క పోసేది కాదు. దాహమంటే స్టేషన్లో కుళాయి చూపించేది, తెనాలిలో పిన్ని తెచ్చిన కూజా చూపించేది. "అందులో వున్నాయిగా" అంటే "అవి తాగేవి కావు" అనేది. తాగటానికి కాని నీళ్ళు అంత జాగ్రత్తగా మోసుకెళ్ళటం ఎందుకో మాకర్థమయ్యేది కాదు. భావనారాయణస్వామి గుడి తీర్థం కలిపి అమ్మమ్మ కోసం తీసుకెళుతోందని మా అక్క తీర్మానించింది. అక్క మాటకి అప్పీలు లేదు.

నాన్న స్టేషన్ దాకా వచ్చి, మమ్మల్ని ఎక్కించి, "కిటికీలోంచి తల బయట పెట్టకండి, కంట్లో బొగ్గు నలుసు పడుతుంది" అని చెప్పి దిగిపోయేవాడు. ఇక నెల్లాళ్ళు ఆయన చెయ్యి కాల్చుకోవాల్సిందే. పాపం, ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

నాన్నకి బాపట్ల అంటే వల్లమాలిన అభిమానం. ఆంధ్రరాష్ట్రం పుట్టింది కర్నూల్లోనూ కాదు మద్రాసులోనూ కాదు, మా ఊళ్ళోనే అనేవాడు. ఆయన లెక్క 1913 మే నెలలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభ. బయ్యా నరసింహేశ్వరశర్మగారు అధ్యక్షులు. తెలుగువాళ్ళకి వేరే రాష్ట్రం కావాలన్న మాట అంతమంది పెద్దలు ఒకచోట చేరి చర్చించింది అక్కడే; అది చేతికందటానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. మా తాతయ్య, అంటే నాన్నగారి నాన్న, ఆ సభకి వెళ్ళాడు. మేము చిన్నప్పుడు ఆయన్ని చుట్టుముట్టి, "ఏం మాట్లాడారు తాతయ్యా?" అని అడిగితే, "నాకేం తెలుసురా? మండే ఎండలు. నాకప్పజెప్పింది మంచినీళ్ళ పని. బానలు నింపటంతోటే సరిపోయింది" అనేవాడు. నాన్నకి ఈ జవాబు నచ్చేది కాదు. ఆయన వున్నప్పుడు తాతయ్య చేత ఈ కథ చెప్పించేవాళ్ళం కాదు.

బాపట్ల దాటాక మొదటి స్టేషను అప్పికట్ల. మా మావయ్య భార్య, అంటే మా అత్తయ్య, పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. మేము వెళుతున్నట్టు ముందుగా కార్డు ముక్క రాసేది అమ్మ. అత్తయ్య తండ్రి ఎండలో తలకి తువ్వాలు చుట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి వుండేవాడు. బండి ఆగేది రెండే నిమిషాలు. ఆయన కిటికీలోంచి ఓ బుట్ట లోపలికి అందించేవాడు. నాలుగు కొబ్బరికాయలు, ఓ పొట్లంలో సున్నుండలు, ఒక్కోసారి రవికెల గుడ్డ. "మా అమ్మాయిని అడిగామని చెప్పమ్మా" అనేవాడు. ప్రతి ఏడూ ఆ ఒక్క మాటే. బండి కదిలాక కూడా అక్కడే నిలబడేవాడు. మా చూపంతా సున్నుండల పొట్లం మీద వుండేది కనక ఆయన మొహం నాకు గుర్తు లేదు.

నిడుబ్రోలు, చుండూరు దాటి తెనాలి. అక్కడ దిగి బండి మారాలి. బెజవాడ, మద్రాసుల్ని కలిపే పెద్ద లైను 1899లో పడింది. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె పోయే కొమ్మ 1916లో, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ వాళ్ళు వేశారు. పెద్ద లైను బండికీ కొమ్మ లైను బండికీ పొత్తు కుదరకపోవటం ఆనాటి నుంచీ వున్న ఆచారమే అనుకుంటాను. మూడు గంటలు తక్కువ కాకుండా తెనాలి ప్లాట్‌ఫారం మీద పడిగాపులు.

ఆ మూడు గంటలూ మాకు పండగే. పిన్ని, బాబాయి క్యారియరుతో వచ్చేవాళ్ళు. పెరుగన్నం, మామిడికాయ పప్పు, వేయించిన గుమ్మడి వడియాలు. బాబాయి ఒక చందమామ పట్టుకొచ్చేవాడు. అది పెట్టిన వాళ్ళలో చక్రపాణిగారు తెనాలి వారనీ, దాన్ని దిద్దుతున్న కొడవటిగంటి కుటుంబరావుగారు తెనాలిలోనే పుట్టారనీ చెప్పందే పుస్తకం చేతికిచ్చేవాడు కాదు. నాన్నకి బాపట్ల ఎంతో బాబాయికి తెనాలి అంత. స్థానం నరసింహారావుగారు ఎవరివారు అన్నది వాళ్ళిద్దరికీ జీవితాంతం తెగని తగువు. ఆయన 1902లో పుట్టింది బాపట్లలో. ఆడవేషాలు కట్టి ఆంధ్రదేశాన్ని ఊపేసింది తెనాలి నాటక సమాజంలో చేరాక. 1956లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరికొకరు అభినందిస్తూ ఉత్తరాలు రాసుకున్నారట. అవి చదివితే అభినందనలో, దెప్పిపొడుపులో తేల్చటం కష్టం.

పిన్ని మాత్రం ఆ ప్లాట్‌ఫారం మీద ఎక్కువ సేపు కూర్చోనిచ్చేది కాదు. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా గొడవల్లో ఈ స్టేషను తగలబడి, పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. ఊళ్ళో రణరంగ చౌక్ వాళ్ళ పేరు మీద వెలిసిందే. పిన్ని అప్పటికి కొత్తగా కాపురానికి వచ్చింది. ఆ మధ్యాహ్నం తలుపులు బిడాయించుకుని విన్న చప్పుళ్ళు ఆమెకి ఆ స్టేషనుకి వచ్చినప్పుడల్లా వినపడేవి. అందుకని మమ్మల్ని కాలువ గట్టుకి తీసుకెళ్ళేది.

తెనాలి గుండా మూడు కాలువలు పోతాయి. పటంలో చూస్తే నీళ్ళ మధ్య ఊరు. కాని మేము ఏటా చూసింది నీళ్ళు లేని కాలువల్నే. ఏప్రిల్లో ఆనకట్ట దగ్గర కాలువలు కట్టేసేవారు. పూడికలు తియ్యాలి, గట్లు, లాకులు బాగుచెయ్యాలి. పైగా ఎండాకాలం కృష్ణలో వుండే నీళ్ళెన్ని గనక! మళ్ళీ జూన్‌లో వదిలేవారు. మధ్యలో అడుగున ఎక్కడో మడుగులు, వాటిలో మట్టగిడసల కోసం బురద పూసుకున్న కుర్రాళ్ళు. కాలువ అంటే ఎండిన మడుగులే అని నేను చాలాకాలం అనుకున్నాను. మొదటిసారి ఆగస్టులో ఓ పెళ్ళికి వెళ్ళి, నిండుగా పారుతున్న కాలువని చూసి, వరదొచ్చిందని కంగారుపడ్డాను.

ఇక రేపల్లె బండి. దూరం ఇరవై మైళ్ళ పైచిలుకు. జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన... ప్రతి స్టేషన్లోనూ బండి ఆగి, ఎవరి బంధువులు ఎవరో కనుక్కుని మరీ బయల్దేరేది. భట్టిప్రోలు రాగానే అమ్మ మమ్మల్ని లేపి జుట్లు దువ్వేది. ఆ ఊరి సంగతి అంతకు మించి మాకెవరూ చెప్పలేదు. పెద్దయ్యాక చదివి నేనే నోరు తెరిచాను. మేము జుట్లు దువ్వించుకున్న ఊళ్ళో రెండువేల ఏళ్ళు పైబడిన బౌద్ధస్తూపం వుంది. దిబ్బలోని ఇటుకలు చాలావరకు రోడ్లకీ కాలువ పనులకీ తవ్వుకుపోగా, మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన తవ్వి, ధాతువులు దాచిన రాతి కరండాలు బయటికి తీశాడు. వాటి మీద అక్షరాలు వింతగా వున్నాయి; బ్యూలర్ పండితుడు చదివాడు. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళెవరూ ఇప్పటికీ భట్టిప్రోలు ఎత్తకుండా వుండరు.

నన్ను ఆపేసింది లిపి కాదు, అందులో వున్న సంగతి. ఆ పెట్టెనీ స్ఫటికపు సంపుటాన్నీ చేయించిన వాళ్ళెవరంటే, కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. ఒక ఇంటివాళ్ళు. తమ వూరి స్తూపానికి తలా ఓ చెయ్యి వేసినట్టున్నారు. కొడుకు పేరు రెండువేల ఏళ్ళు నిలబడింది. ఆ తల్లి పేరేమిటో రాతి మీద లేదు. తండ్రి పేరూ లేదనుకోండి, ఆ మాటా ఒప్పుకోవాలి.

రేపల్లెలో దిగితే మావయ్య గూడుబండి కట్టుకుని సిద్ధంగా వుండేవాడు. సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళం. అమ్మమ్మ దిష్టి తీసి, కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చేది. ఆ నీళ్ళు నోటికి తగిలితే ఉప్పన. అది పెరటి నూతి నీరు. సముద్రం దగ్గరైన ఆ నేలలో ఎక్కడ తవ్వినా అంతే. తాగే నీళ్ళు చెరువు నుంచి రావాలి. చెరువుకి కాలువ నుంచి రావాలి. కాలువకి బెజవాడ ఆనకట్ట నుంచి రావాలి.

అమ్మమ్మ కాలాన్ని కాలువతోటీ రైలుతోటీ కొలిచేది. ఆమె కాపురానికి వచ్చింది రైలు రావటానికి రెండేళ్ళ ముందు, పడవ మీద. బెజవాడ కృష్ణ ఒడ్డున బయల్దేరిన కాలువ దుగ్గిరాల దగ్గర చీలి ఈ సీమంతా అల్లుకుంటుంది. ఒక పాయ కొమ్మమూరు కాలువై పెదగంజాం దాకా పోయి, బకింగ్‌హామ్ కాలువతో కలిసి మద్రాసు చేరుస్తుంది. గాలి వుంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవని లాగేవారు. "నన్ను మోసిందెవరో మొహాలు చూళ్ళేదు. కొత్తపెళ్ళికూతుర్ని, తలొంచుకుని కూర్చున్నాను. వాళ్ళ కాళ్ళు మాత్రం కనపడ్డాయి" అనేది అమ్మమ్మ.

ఆనకట్టకి ముందు సంగతి ఆమె అత్తగారి అత్తగారు చెప్పగా విన్నది. మేము అన్నం పారేస్తే "డొక్కల కరువు నాడు పుట్టాల్సింది మీరు" అని తిట్టేది. అది తిట్టు మాత్రమే అనుకున్నాను. కాదు. 1832–33, నందన నామ సంవత్సరం, గుంటూరు సీమలో కరువు. జిల్లా జనంలో మూడో వంతు దరిదాపు పోయారంటారు. కృష్ణ పక్కనే పారుతున్నా ఆ నీళ్ళు చేనెక్కే దారి లేదు. గోదావరికి ధవళేశ్వరం కట్టించిన ఆర్థర్ కాటన్ దొర ఇక్కడా కట్టాలని పోరగా పోరగా, 1852లో మొదలై, కెప్టెన్ ఆర్ చేతి మీదుగా 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. దొరల పేర్లు పుస్తకాల్లో వున్నాయి. రాళ్ళు మోసినవాళ్ళవి లేవు. అన్నిచోట్లా ఇదే తంతు కనక ఇక్కడ ప్రత్యేకంగా ఫిర్యాదు చెయ్యను.

కాలువలు కట్టేసే ముందు ప్రతి ఊరూ మంచినీళ్ళ చెరువు నింపుకునేది. లస్కర్ల చుట్టూ తిరిగి, బ్రతిమాలి, పంటబోదె గుండా నీళ్ళు మళ్ళించి గట్టు దాకా నింపుకుంటే, అదే జూన్ దాకా. ఆ చెరువులో గుడ్డలుతకరాదు, గొడ్లని దించరాదు, చెప్పులతో గట్టెక్కరాదు. ఊరి వాడల్లో దళితుల ఆడవాళ్ళకి ఆ రేవులో దిగే వీలు అసలే లేదు. గట్టు కింద బిందెలు పెట్టుకుని, ఎవరన్నా పోస్తారేమోనని ఎండలో నిలబడేవాళ్ళు. చదువుకోవటానికి పట్నం పోయాకగాని అందులో తప్పుందని నాకు తోచలేదు. అంతకు ముందు ఎనిమిదేళ్ళు రోజూ చూశాను మరి.

మా ఇంటికి చెరువు అర మైలు. నీళ్ళ పని అత్తయ్యది. తెల్లవారుజామున కోడి కూయకముందే ఒక తడవ, ఎండ తగ్గాక ఒక తడవ. నెత్తిన బిందె మీద బిందె, చంకలో ఒకటి. మే నెల సగమయ్యేసరికి నీళ్ళు నడిచెరువుకి తగ్గిపోయేవి. మోకాలిలోతు బురదలో నడిచి, బిందె మూతికి గుడ్డ కట్టి, చెంబుతో తోడి పొయ్యాలి. ఇంటికొచ్చాక చిల్లగింజ అరగదీసి కలిపితే, గంటకి మట్టి అడుక్కి దిగి పైన తేట నీరు నిలిచేది. ఆ తేట తీసి కాగులో పోస్తే అప్పుడవి మంచినీళ్ళు.

ఇంత తతంగం వుందని మాకేం పట్టింది? పిల్లలం పది పన్నెండు మందిమి. తాటిముంజలు తిని చేతులు కడుక్కోవటానికి కాగులో చెంబు ముంచేవాళ్ళం. ఆవకాయ పెట్టే రోజున జాడీలు, గుడ్డలు, కారం, నువ్వులనూనె వాసన. చెమ్మ తగలకూడదని మమ్మల్ని గుమ్మం బయటికి తోసేవాళ్ళు. కాయలు కడిగే నీళ్ళు మామూలుకి రెట్టింపు. రాత్రి డాబా లేదు, వాకిట్లో నులకమంచాలు. పడుకోబోయే ముందు నేల చల్లబడాలని నీళ్ళు చల్లాలి, అవి మాత్రం ఉప్పునీళ్ళు. అమ్మమ్మ చెప్పే కథలకి ఊ కొడుతూ మేము నిద్రపోయేవేళకి అత్తయ్య వంటింట్లోంచి ఇంకా బయటికి రాలేదు. ఆమె మంచం ఎక్కడ వేసుకునేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావటం లేదు.

నా తొమ్మిదో ఏట దాగుడుమూతలాడుతూ వంటింటి మూల దూరి, కాగు మీద పడ్డాను. నిండుకాగు. పగిలి, నీళ్ళన్నీ వాకిలి దాకా పారాయి. పొద్దుకుంకింది. మావయ్య వచ్చి "ఎవడ్రా అది?" అని గద్దించాడు. నేను తలుపు వెనక బిగుసుకుపోయాను. అత్తయ్య నన్ను చూసింది. చూసి, "నేనేనండీ. పక్కకి జరపబోతే చెయ్యి జారింది" అంది. అమ్మమ్మ అందరి ముందూ ఆమెని నానా మాటలూ అంది. అత్తయ్య తల ఎత్తకుండా పెంకులేరి, బిందె తీసుకుంది. మా అమ్మ లాంతరు పట్టుకుని ఇంకో బిందెతో వెంట వెళ్ళింది. వదినా మరదళ్ళిద్దరూ తిరిగొచ్చేసరికి బాగా చీకటి పడింది. నేను ఆ రాత్రీ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు.

తరవాత అన్నీ మారిపోయాయి. 1952లో గండిపడ్డ పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలారు. 1977 నవంబరు 19 నాటి తుఫానుకి మా చెరువులో తాటిచెట్లు విరిగిపడి, నెలల తరబడి నీళ్ళు వాసనేశాయి. అవతలి ఒడ్డున దివిసీమ పడ్డ పాట్లతో పోలిస్తే అదో కష్టం కాదని మావయ్య అనేవాడు. ఎనభైల్లో వీధికుళాయి వచ్చింది. పెనుమూడి రేవులో పడవ మానేసి 2006 నుంచి జనం వంతెన మీద పోతున్నారు. 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా అయింది. రేపల్లె అందులో కలిసింది. మా అమ్మ మెట్టినిల్లూ పుట్టినిల్లూ ఒక జిల్లా అయ్యాయి, పిన్ని తెనాలి మాత్రం గుంటూరులోనే వుండిపోయింది. నాన్న వుండివుంటే బాబాయికి వెంటనే ఒక కార్డు రాసేవాడు.

పదేళ్ళ కిందట అత్తయ్యకి కళ్ళు చూపించాలని తెనాలి తీసుకొచ్చారు. ఆమెకి ఎనభై దాటాయి. కొడుకులిద్దరూ దూరాభారాన వున్నారు, నేను రిటైరై ఖాళీగా వున్నాను కనక డాక్టరు దగ్గరికి నేను వెంట వెళ్ళాను. అక్కడ కూర్చున్న అమ్మాయి కాగితం తీసి, "పేషెంటు పేరు?" అంది.

నాకు తెలియలేదు. అత్తయ్య. అమ్మమ్మకి 'అమ్మాయ్', మావయ్యకి 'ఇదిగో', అమ్మకి 'మరదలు', ఊళ్ళో వాళ్ళకి పెద్దకొడుకు పేరు చెప్పి 'వాళ్ళ అమ్మ'. అరవై ఏళ్ళు ఆమె చేతి అన్నం తిన్నవాణ్ణి, వెనక్కి తిరిగి ఆమెనే అడగాల్సి వచ్చింది. ఆమె నవ్వి చెప్పింది. మంచి పేరు. ఇక్కడ రాద్దామనుకున్నాను గాని, పత్రికలో తన పేరు పడటం ఆమెకి సుతరామూ ఇష్టముండదు.

మా వంతు వచ్చేసరికి గంట పట్టేట్టుంది. ఆ బల్ల మీద కూర్చునే కాగు సంగతి చెప్పాను. యాభై ఏళ్ళు దాచింది కదా, గొంతు కొంచెం వణికింది కూడా.

"ఏ కాగురా?" అంది. ఎంత గుర్తు చేసినా గుర్తు రాలేదు. "ఎన్ని పగిలాయో! మీరొస్తే ఏడాదికో కాగు లెక్కే వేసుకునేదాన్ని."

"మేమొస్తే బిందెలెన్ని పట్టేవి అత్తయ్యా?"

ఆలోచించకుండా చెప్పింది. "మామూలుగా ఎనిమిది. మీరొస్తే పద్దెనిమిది. మీ అమ్మ రెండు తెచ్చేది, ఒట్టినే అనకూడదు."

"ఎండాకాలం నువ్వు మీ పుట్టింటికి వెళ్ళేదానివి కాదా?"

"ఎట్లా వెళ్తానురా? ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే కాలం అదే. ఇంట్లో కోడలు లేకపోతే ఎట్లా? సంక్రాంతికి నూర్పిళ్ళు. దసరాకి ఊడ్పులూ కలుపులూ అయ్యి అందరూ పడకేసేవాళ్ళు. మా నాన్న పోయిన ఏడాది వెళ్ళాను." కాసేపు ఊరుకుంది. "మీ అమ్మకి తెలుసు. అందుకే చెంబు తెచ్చేది."

"ఏ చెంబు?"

"మరచెంబు. మీ బాపట్ల నుయ్యి నీళ్ళు. మా ఊరివీ అట్లాగే వుండేవి. చాలా రోజులు పొదుపుగా తాగేదాన్ని, పొద్దున ఓ గుక్క, రాత్రి ఓ గుక్క. ఆఖర్న కొంచెం పాసి వాసనొచ్చేది. అయినా సరే పారబోసేదాన్ని కాదు."

నేను మాట్లాడలేదు. ఆమే మళ్ళీ అడిగింది. "ఆ నుయ్యి వుందిరా ఇంకా?"

మా పెరట్లో నుయ్యి పూడ్చేసి, దాని మీద స్నానాలగది కట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు. "వుందత్తయ్యా" అన్నాను.

"ఈసారి వచ్చేటప్పుడు ఓ సీసాడు పట్రా."

మరుసటి నెల వెళ్ళాను. వెళ్ళే ముందు మా వెనక వీధిలో నుయ్యి మిగిలివున్న ఇల్లు వెతికి పట్టుకుని, వాళ్ళని బతిమాలి, ఒక సీసా నింపించుకున్నాను. మరచెంబు అటక మీద ఎక్కడుందో అప్పుడు దొరకలేదు. అప్పికట్ల, తెనాలి, భట్టిప్రోలు, రేపల్లె. సీసా దారిలో ఎక్కడా మూత తియ్యలేదు.

అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని, గ్లాసులో పోయించుకుని, ఒక గుక్క తాగింది. కాసేపు నోట్లో వుంచుకుని మింగింది.

"ఇది మీ నుయ్యి కాదు," అంది. అని మిగతాది కూడా తాగింది.